పరదేశపు చదువు – ఇంటి వాకిలి



బహదూర్‌పురా చౌరస్తాలో రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట ఒక్క గడియ నిలిచి చూచినచో, ఈ కాలపు కుటుంబముల కథ యంతయు కన్నుల యెదుట నడచిపోవును. చార్మినారు వైపునుండియు, పురానాపూల్ వైపునుండియు వచ్చు బండ్లు మా పేటను దాటి, ఆరాంఘర్ మీదుగా శంషాబాదు విమానాశ్రయమునకు సాగిపోవుచుండును. బండి నెత్తిన త్రాళ్లతో బిగించిన పెద్ద పెట్టెలు. లోపల మెడలో పూలదండతో ఒక పిల్లవాడో, పిల్లయో. ఆ ప్రక్కను కొంగుతో కన్నులొత్తుకొనుచు తల్లి. 2008వ సంవత్సరమున శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది మొదలు మా త్రోవ ఇట్టి వీడ్కోళ్లకు రాజమార్గమైనది.

మా యిరుగుపొరుగున ముస్లిము కుటుంబములు హెచ్చు. వారి యిండ్లలో ప్రయాణమగు బిడ్డ చేతిదండకు నాణెమును గుడ్డలో చుట్టి ‘ఇమామ్ జామిన్’ కట్టుదురు. బిడ్డ క్షేమముగా చేరిన పిమ్మట ఆ నాణెమును బీదలకు దానము చేయుదురు. హిందువుల యిండ్లలో పెరుగును చక్కెరయు నోటికందించి, ముత్తైదువను ఎదురు రమ్మందురు. ఆచారములు రెండు, వాని వెనుకనున్న తల్లి భయము ఒక్కటే.

ఒకనాడు మా పొరుగున నున్న తెలుగు ఇల్లాలు మమ్ము జూడవచ్చినది. ఆమె పెనిమిటికి చిన్న కిరాణా దుకాణము. కుమార్తె మందుల శాస్త్రమున పట్టము పొందినది. పై చదువునకు పరదేశపు కళాశాలలో చోటు ఇప్పింతునని యొక దళారి వచ్చి, పదునైదు దినములలో సొమ్ము కట్టవలెనని తొందరపెట్టుచున్నాడట. ఇంటి పత్రములు తాకట్టు పెట్టుట తప్ప వేరు దారి లేదు. ఆమె మాతో నిట్లనెను: “అమ్మా, రెండు సంగతులు నన్ను నిదురపోనీయకున్నవి. ఇల్లు తాకట్టు పెట్టి పంపవలెనా యన్నది యొకటి. పంపిన పిల్ల మరల మన పిల్లయై తిరిగివచ్చునా యన్నది రెండవది.”

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. 2023–24 విద్యా సంవత్సరమున ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు చదువుచుండిరి. వారిలో తెలుగువారు ఎందరో యుందురు. అన్ని యిండ్లలోను ఈ రెండు ప్రశ్నలు ఏదో యొక రాత్రి వినవచ్చియే యుండును. కావున మా పట్టణమునుండి సముద్రము దాటిపోయిన పూర్వుల చరిత్రలను తిరుగవేసి, వానిలో మాకు దొరకిన బదులును ఈ నెల మా సోదరీమణుల ముందుంచుచున్నాము.

మొదటి కథ అందరెరిగిన సరోజినీదేవిది. ఆమె 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయుడు వంగదేశీయుడు. ఎడింబరోలో రసాయన శాస్త్రము చదివి డాక్టరు పట్టము పొంది, నిజాము రాజ్యమునకు వచ్చి విద్యాలయము నెలకొల్పిన విద్వాంసుడు. కుమార్తె పండ్రెండవయేటనే మదరాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలై దేశమునెల్ల ఆశ్చర్యపరచెను. 1895లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఒసగిన ప్రత్యేక విద్యార్థి వేతనముతో, పదునాఱేండ్ల బాల, ఇంగ్లండునకు పోయెను.

ఆమె సంతోషముతో పోలేదు. ఆమె పద్యముల తొలి సంపుటమునకు పీఠిక వ్రాసిన ఆర్థర్ సైమన్స్ ఆమెను ఇష్టమునకు విరుద్ధముగా పంపిరని స్పష్టముగా చెప్పినాడు. అప్పటికే ఆమె మనస్సు గోవిందరాజులు నాయుడను వైద్యునియందు లగ్నమైయుండెను. ఆయన తెలుగువాడు, కులము వేరు, ప్రాంతము వేరు. లండనులో కింగ్స్ కళాశాలయందును, పిదప కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలయందును ఆమె చదివెను. ఆరోగ్యము చెడినది. పట్టము చేతికి రాకయే 1898లో హైదరాబాదునకు తిరిగివచ్చెను.

ఈ కాలపు లెక్క ప్రకారము చూచినచో ఇది నష్టపు బేరము. కాని అచ్చట ఆమెకు దొరకిన దానిని ఏ పట్టమును ఈయజాలదు. ఎడ్మండ్ గాస్ అను ఆంగ్ల విమర్శకుడు ఆమె పద్యములను చదివి, అవి చక్కగా నున్నవి గాని అన్నియు ఇంగ్లండు పక్షులను, ఇంగ్లండు పూవులను గూర్చినవే యనియు, ఆమె తన దేశపు కొండలను, తోటలను, జనులను గూర్చి వ్రాయవలెననియు హితవు చెప్పెను. ఎంత వింత! తన యూరిని చూచుకొనుమని చెప్పుటకు ఏడు సముద్రముల కావలి మనుష్యుడు కావలసివచ్చెను. 1905లో లండనులో అచ్చయిన ఆమె తొలి సంపుటము హైదరాబాదు నగరమును, పల్లకీ బోయీలను ఎరిగిన కవయిత్రి చేతి వ్రాత. ఆ గ్రంథమును ఆమె గాస్‌కే అంకితమిచ్చెను.

ఇంటివారు చేసినదియు తక్కువ కాదు. తిరిగివచ్చిన యేడే, డిసెంబరు మాసమున, మదరాసులో గోవిందరాజులు నాయుడుతో ఆమె వివాహము జరిగెను. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారే ఆ వివాహమును జరిపించిరి. బ్రాహ్మణ కన్యక పరకులమువానిని వరించుట ఆనాడు సామాన్యమా? బంధువులు, లోకులు ఏమనిరో మనము ఊహింపవచ్చును. అయినను పెద్దలు ఆ వాకిలి తెరచి యుంచిరి. ఎడింబరోలో వైద్యము చదివివచ్చిన ఆ అల్లుడును ఈ నగరముననే వైద్యము చేసెను.

పదియేండ్లకు ఈ వాకిలి విలువ తెలిసినది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు నశించిరి. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని నేటికిని చెప్పుకొందురు. మా బహదూర్‌పురాకు దాపుననే యున్న పురానాపూల్, 1578లో కట్టిన ఆ పాత వంతెన, ఆ ప్రవాహమును తట్టుకొని నిలిచెను. ఆ విపత్తులో ఇల్లును, వాకిలిని కోల్పోయినవారికి సహాయము చేయుటకై కొంగు బిగించినవారిలో సరోజినీదేవి ముందుండెను. ఘోషా స్త్రీలున్న నగరమున, బయటి పురుషుడు అడుగిడలేని చోటులకు పోగల స్త్రీ, నలుగురితో మాటలాడి కూడగట్టగల స్త్రీ ఎంత యక్కఱయో ఆలోచింపుడు. ఆ సేవకుగాను ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నొసగెను. 1919లో జలియన్‌వాలాబాగు ఘోరము జరిగిన పిమ్మట ఆమె దానిని తిరిగి యిచ్చివేసెను. పిదప 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలగుటయు, 1947లో సంయుక్తరాష్ట్రమునకు గవర్నరగుటయు మన మెరిగినవే.

రెండవ కథ నీటిది. ఏ యిల్లాలికైనను నీటి కథ కంటె దగ్గర కథ లేదు. మా బహదూర్‌పురా ప్రక్కనున్న మీరాలం చెరువు పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో, దివానుగా నుండిన మీర్ ఆలం కాలమున, త్రవ్వబడినది. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన ఆ కట్టను చూచుటకు ఇంజనీరులు నేటికిని వత్తురు. ఐరోపా ఇంజనీరుల చేయి అందున్నదని చెప్పుదురు. ఒకప్పుడు నగరమునకు త్రాగునీరు ఈ చెరువే యిచ్చెను. మూసీ వరద పిమ్మట, నగరమును కాపాడు ఉపాయము చెప్పుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వము పిలిపించెను. అంతకు ముందే జపాను చూచి, ఐరోపా, అమెరికాలలోని పనులు చూచి వచ్చిన ఆయన సూచనల ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును ఏర్పడినవి.

ఆ కాలముననే పరదేశమున చదివి వచ్చిన నగర వాసి మరియొకడు కలడు. మీర్ అహమ్మదలీ అను ఆ యువకుడు 1877లో జన్మించి, ఈ నగరపు పాఠశాలలలో చదివి, 1896లో రాజ్యము ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండులోని కూపర్స్‌హిల్ ఇంజనీరింగు కళాశాలకు పోయెను. 1899లో తిరిగివచ్చి నిజాము ప్రజాపనుల శాఖలో చేరెను. చేరిన నాడు మహలు కట్టుమని చెప్పలేదు. జిల్లాలలో తిరిగి చెరువులు, కాలువలు, వాగులు చూచు ఉద్యోగము. ఆ తిరుగుటలోనే ఆయన తెలుగు రైతు నేలను తెలిసికొనెను. పిదప ఆయనయే నవాబు అలీ నవాజ్ జంగు. 1923 మొదలు 1931 వరకు మంజీరానదిపై కట్టిన నిజాంసాగరమునకు సూత్రధారి ఆయనయే. నిజామాబాదు, బోధను ప్రాంతములలో లక్షల యెకరముల నేల ఆ నీటితో పండినది. ఆయన పుట్టినదినమైన జూలై 11ను నేటికిని తెలంగాణములో ఇంజనీరుల దినముగా జరుపుకొందురు. ఇంగ్లండులో మంజీర లేదు. మన వానలు లేవు. మన నల్లరేగడి లేదు. అచ్చట నేర్చినది కొలుచుట, లెక్కించుట మాత్రమే. ఏది కొలువవలెనో ఇచ్చటి నేలయే నేర్పినది.

మూడవ కథ స్త్రీ వైద్యురాలిది. ఇది అందరెరుగనిది. రూపాబాయి ఫర్దూన్జీ పారసీక వనిత. 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరిన అయిదుగురు స్త్రీలలో ఆమె యొకతె. ఆ పాఠశాల పెద్ద ఎడ్వర్డు లారీ స్త్రీలను చేర్చుకొనవలెనని పట్టుపట్టెను. 1889లో ‘హకీం’ పట్టము పొంది, శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇచ్చు పనిలో ఆరితేరి, ప్రపంచమున తొలి స్త్రీ మత్తు వైద్యులలో నొకతెగా పేరొందెను. ఆ కాలమున మత్తునకు క్లోరోఫారము వాడెడివారు. అది ఏ విధమున ప్రాణాపాయము కలిగించునో తేల్చుటకై 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదుననే రెండు సంఘములు పరీక్షలు జరిపినవి. రెండవదానికి ‘లాన్సెట్’ అను వైద్యపత్రిక లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపెను, ఖర్చు నిజాముది. అనగా లోకమే నేర్చుకొనుటకు మన మూసీ యొడ్డునకు వచ్చినది! క్లోరోఫారము ముందు శ్వాసనే కొట్టునుగాని గుండెను కాదని ఆ సంఘము తేల్చెను. ఆ నిర్ణయము సరికాదని, గుండెకును అపాయమున్నదని 1911లో గుడ్మన్ లెవీ ఋజువుపరచెను. దేశముల నడుమ విద్య ఇట్లే సాగును: ఒకరు వచ్చి చూచెదరు, తప్పుచేసెదరు, మరియొకరు దిద్దెదరు. ఎవ్వరును శాశ్వత గురువులు కారు, ఎవ్వరును శాశ్వత శిష్యులు కారు.

రూపాబాయి ఇరువదియేండ్లు రోగుల ప్రక్క నిలిచి పనిచేసిన తరువాత, 1909లో, ఎడింబరోకు పోయెను. మత్తు వైద్యమునకు ప్రత్యేక పాఠ్యక్రమము లేని కాలమగుటచే, వాయువుల తత్త్వము తెలియుటకై భౌతిక, రసాయన శాస్త్రములను చదివి పట్టము తీసికొని, మరల మన ఆసుపత్రులకే వచ్చెను. బాలికగా పోయినవారు ఏమి చూడవలెనో ఎరుగరు. ఆమె తనకు తెలియనిదేదో తెలిసికొని పోయెను. మన యిండ్లలో పిల్లలు గల స్త్రీలును, ఉద్యోగమున పదియేండ్లు గడపిన స్త్రీలును ‘మాకు వయస్సు దాటిపోయినది’ అందురు. ఈమెను తలచుకొన్న తరువాత ఆ మాట ఎట్లందురో మాకు తెలియకున్నది.

ఈ మువ్వురి కథలను ప్రక్కప్రక్కను బెట్టి చూచినచో ఒక్క సంగతి తేటపడుచున్నది. ఒకరు యిష్టము లేక పోయిరి, ఒకరు రాజ్యపు సొమ్ముతో పోయిరి, ఒకరు తమంత తాము పోయిరి. ఒకరికి పట్టమే రాలేదు. కాని మువ్వురును తిరిగి వచ్చునప్పటికి వారికొరకు ఇచ్చట ఒక పని కాచియుండెను. వచ్చినవారిని లోనికి రమ్మను వాకిలి యొకటి తెరచియుండెను. చదువు సగము పరదేశమున జరిగినది, తక్కిన సగము ఇంటి వాకిట జరిగినది.

తిరిగిరాని వారి కథ చెప్పక ఇంతటితో ముగించినచో మేము సత్యమును దాచినవారమగుదుము. అది మా నగరపుది కాదు, భీమవరపుది. 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివి, మామగారి సాయముతోడను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోడను 1923లో అమెరికాలోని బోస్టనునకు పోయిరి. హార్వర్డులో చదివి, పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. ఆయన నడపిన పరిశోధకుల బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారు చేయు విధానమును సాధించెను. ఆరియోమైసిన్ అను మందును ఆయన నడపిన ప్రయోగశాల నుండి వచ్చినదే. ఆయన సోదరుడు స్ప్రూ అను వ్యాధి వలన మరణించెను. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మందుగా పనికివచ్చెను. నేడు మన గ్రామపు ఆరోగ్యకేంద్రమునందును, బహదూర్‌పురాలోని ఆసుపత్రులలోను గర్భవతికి ఇచ్చు ఆ చిన్న మాత్రను చేత బట్టినప్పుడు ఇది తలచుకొనుడు.

మరియొకటియు తలచుకొనుడు. ఆయన పోవునాటికి భార్య శేషగిరిగారు గర్భవతి. పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. భర్త వచ్చునని ఆమె యెదురుచూచెను. ఒక యేడు కాదు, ఇరువదియైదేండ్లు. 1948 ఆగష్టులో ఆయన న్యూయార్కు ప్రాంతముననే మరణించెను. మరల దేశమునకు రానేలేదు. లోకమునకు ఎందరో తల్లుల ప్రాణము దక్కినది. ఒక తెలుగు ఇల్లాలి జీవితము ఎదురుచూచుటలోనే గడచినది. పరదేశ విద్యను పొగడువారు ఈ రెండవ లెక్కను వ్రాయరు. దానిని వ్రాయుట స్త్రీల పత్రికల ధర్మమని మేము తలంచుచున్నాము. పోవువాని కీర్తిలో, ఇంట నిలిచిన యామె వెలకు వాటా యున్నది.

ఇక నేటి సంగతులకు వత్తము. నిజాము కాలమున విద్యార్థి వేతనము కొద్దిమంది భాగ్యము. నేడు తెలంగాణములో పథకములు కలవు. 2015లో ప్రభుత్వము మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి పేర విదేశ విద్యా వేతనము ఏర్పరచెను. పిదప దానిని 20 లక్షల రూపాయల వరకు పెంచెను. షెడ్యూల్డు కులముల వారికి అంబేద్కరు పేర, వెనుకబడిన తరగతులవారికి జ్యోతిబా ఫూలే పేర ఇట్టి విద్యానిధులు ఏర్పడినవి. కుటుంబాదాయపు పరిమితియు, నిబంధనలును మారుచుండును గనుక, దళారి నోటి మాటను నమ్మక జిల్లా సంక్షేమ కార్యాలయమునకే పోయి విచారింపవలెను. అర్హత గల కుటుంబము ఇల్లు తాకట్టు పెట్టుటకు ముందు ఈ తలుపు తట్టకుండుట తప్పు.

రెండవది, చేరబోవు విద్యాలయము నిజమైనదేనా యని చూచుట. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రై వ్యాలీ యను విశ్వవిద్యాలయమును ప్రభుత్వము మూయించెను. అందు చేరినవారిలో వేయిమందికి పైగా మనవారే, హెచ్చుమంది ఆంధ్రప్రదేశమువారు. కొందరి కాళ్లకు అధికారులు జాడ తెలుపు పట్టీలు కట్టిరి. ఫార్మింగ్టన్ అను పేరుతో అమెరికా అధికారులే యొక కపట విశ్వవిద్యాలయమును మిషిగన్ రాష్ట్రమున పెట్టి, చేరిన విద్యార్థులను 2019 జనవరిలో పట్టుకొనిరి; వారిలోను తెలుగువారు పెక్కురు. సొమ్ము పోయినది, సంవత్సరములు పోయినవి, పరువు పోయినదని ఆ తల్లులు ఎంత యేడ్చిరో! ‘హాజరు అక్కఱలేదు, చేరిన మరునాటినుండి ఉద్యోగము చేసికొనవచ్చును’ అన్న మాట వినినంతనే తల్లి చెవులు నిక్కబొడుచుకొనవలెను. చదువు లేని చదువు ఏ దేశమునను లేదు. అమెరికాలో విద్యార్థి వీసాపై నున్నవారు తరగతులు జరుగు కాలమున వారమునకు ఇరువది గంటలకు మించి విద్యాలయపు ఆవరణలోనైనను పనిచేయుటకు వీలులేదు. ‘అచ్చటికి పోయి సంపాదించి అప్పు తీర్చును’ అను లెక్క ఆ ఇరువది గంటలలో ఇముడదు.

వైద్యవిద్యకై పోవువారి తలిదండ్రులు ఇంకొకటి ఎరుగవలెను. 2021 నవంబరులో జాతీయ వైద్య సంఘము విధించిన నిబంధనల ప్రకారము, పరదేశపు వైద్య పట్టము మన దేశమున చెల్లవలెనన్నచో, 54 నెలలకు తక్కువ గాని పాఠ్యక్రమమును, ఆపై యొక సంవత్సరపు శిక్షణయు ఉండవలెను. బోధన ఆంగ్లమున జరుగవలెను. తిరిగివచ్చి ఇచ్చటి అర్హత పరీక్షలో నెగ్గవలెను. ఇవి తెలియక అయిదారేండ్లు మంచుదేశములలో గడపి వచ్చి, చేత పట్టముండియు వైద్యము చేయలేక నలిగిపోవు బిడ్డల తల్లులు కలరు.

మూడవది ఋణము. బ్యాంకి ఋణమునకు చదువు సాగు కాలమునను వడ్డీ పెరుగుచునే యుండును. నెలకు ఎంత కట్టవలెనో, ఎన్నేండ్లు కట్టవలెనో, బిడ్డకు ఉద్యోగము ఆరునెలలు ఆలస్యమైనచో ఎవరు కట్టుదురో, ఈ మూడు అంకెలను ఇంటి యజమాని ఒక్కడే కాక, ఇల్లాలును, పోవు బిడ్డయు కూర్చుండి ఒక్క కాగితముపై వ్రాసికొనవలెను. ఇంటి పత్రముపై సంతకము చేయు తల్లి, ఆ పత్రములోని సంగతి ఎరుగకుండుట ఇక చాలును.

ఇక ఆమె అడిగిన రెండవ ప్రశ్న: ‘పంపిన పిల్ల మన పిల్లయై తిరిగివచ్చునా?’ మేము చూచినంతలో దీనికి బదులు పిల్ల చేతిలో సగమే యున్నది. తిరిగివచ్చిన కుమార్తెను వచ్చిన వారమునుండియే పెండ్లిచూపులకు కూర్చుండబెట్టి, ఆమె నేర్చిన విద్యను పెట్టెలో మడిచిపెట్టుమన్నచో, ఆమె మరల విమానమెక్కుట ఆమె దోషము కాదు. వేరొక భాషలో ఆలోచించుటయు, ఒంటరిగా బాడుగ గదిలో వండుకొని తినుటయు, తప్పు చేసి తానే దిద్దుకొనుటయు నేర్చిన బిడ్డ ఇంతకుముందువలె నుండదు, ఉండరాదు కూడ. ఆమె మాటలో క్రొత్త ధైర్యము వినవచ్చినప్పుడు దానిని పొగరని పిలువకుండుట పెద్దలు నేర్వవలసిన చదువు. ఆ మార్పులో మన యింటికి ఏమి పనికివచ్చునో అడుగుడు. ఆమె చేయదలచిన పనికి ఇంటిలో ఒక బల్లయు, ఊరిలో ఒక చోటును వెదకియుంచుడు. రాలేక అచ్చటనే నిలిచిపోయినచో, శాపము పెట్టక, మాట తెగనీయకుండుడు. నేడు గడియలో ముఖము చూచి మాటలాడవచ్చును. శేషగిరిగారికి ఆ భాగ్యమైనను లేకపోయెను.

పోలేని బిడ్డల మాట యేమి? వారు చిన్నబోవలసిన పని లేదు. 1917లో ఇచ్చట ఏర్పడిన అనువాద శాఖ పరదేశ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. మరుసటి యేడు స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ గ్రంథములతోనే దేశభాషలో ఉన్నత విద్య చెప్పెను. సముద్రము దాటని వేలమందికి సముద్రపు ఆవలి విద్య అట్లు చేరెను. నేడు అదే విశ్వవిద్యాలయమున ఆఫ్రికా, ఆసియా ఖండముల విద్యార్థులు చదువుచున్నారు. వారిలో ఒకరిని పండుగనాడు భోజనమునకు పిలిచి, వారి యూరి సంగతులు మన పిల్లలకు చెప్పించినచో, ఆ పూట మన ముంగిలియే పరదేశమగును. ఆ బిడ్డ తల్లియు ఎచ్చటనో మనవలెనే నిదురలేక యున్నదని జ్ఞప్తియందుంచుకొనుడు.

మా పొరుగింటి సంగతి చెప్పి ముగింతము. దళారి చెప్పిన కళాశాల పేరును ఆ బాలిక తానే విచారించినది. ఆ విద్యాలయపు పట్టమునకు గుర్తింపు లేదని తేలినది. తొందరపెట్టిన పదునైదు దినములు గడచిపోయినవి, ఇల్లు మిగిలినది. ఒక యేడు ఇచ్చటనే మందుల కర్మాగారమున పనిచేసి, తాను నేర్వదలచినది ఏదో తెలిసికొని, తగిన విద్యాలయమున చోటును, కొంత వేతనమును సంపాదించి, అల్పమైన ఋణముతో ఈ మధ్య ప్రయాణమైనది. ఆ రాత్రి తల్లి పెరుగు చక్కెర నోటికందించినది. ఎదురింటి ముస్లిము వృద్ధురాలు, ఆ బాలిక చిన్ననాటినుండియు ‘ఖాలా’ యని పిలుచు నామె, వచ్చి చేతికి ఇమామ్ జామిన్ కట్టినది. “నాణెము అక్కడే ఎవరికైనా లేనివారికి ఇయ్యి, బిడ్డా” అన్నది. తల్లి మాత్రము, “ఇచ్చి, నాకు చెప్పు” అన్నది.

బండి క్రొత్త వంతెన మీదుగా ఆరాంఘర్ వైపు సాగిపోయినది. నాలుగు కిలోమీటరుల ఆ పైవంతెన 2025 జనవరిలో తెరువబడి, మన్మోహన్ సింగుగారి పేరు వహించినది. ఆయనయు కేంబ్రిడ్జిలో చదివి స్వరాష్ట్రపు విశ్వవిద్యాలయమునకు వచ్చి బోధించి, మరల ఆక్సుఫర్డునకు పోయి, మరల స్వదేశమునకే వచ్చిన విద్యార్థి. ఆ వంతెన మీద బండ్లు శంషాబాదు వైపు పోవును. అవే బండ్లు తెల్లవారుజామున ఇటు తిరిగియు వచ్చును. పోవు త్రోవ ప్రభుత్వములును, బ్యాంకులును వేయగలవు. తిరిగివచ్చు త్రోవ మాత్రము మన యిండ్లలో, మన చేతులతో వేయవలసినది. ఆ వాకిలి మూయకుందుము గాక.